క్లిప్పు పీకినా ఆరని లైట్లు

ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే నవ్వేదాన్ని నేను. మా అత్తగారు గుమ్మానికి గుమ్మడికాయ కట్టిస్తే, దొంగలకు లేని భయం దయ్యాలకు ఉంటుందా అని ఆటపట్టించేదాన్ని. ఆ గుమ్మడికాయ మీద నాకు ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. కానీ గుడివాడలో నా కళ్ళతో చూసినదాన్ని కాదనలేను.

మాది బందరు పక్కన చిలకలపూడి. రోల్డ్ గోల్డ్ నగలు చేస్తాం. పని మా ఆయనది, మా మరిది శీనుది. హస్తకళల ప్రదర్శనలకు ముగ్గురం వెళ్ళి స్టాల్ పెడతాం, అక్కడ నోరు నాది. అన్నదమ్ములంటే వీళ్ళేనని మా వీధిలో చెప్పుకునేవాళ్ళు. మా ఆయనకు కోడిని కోయడం కూడా చేతకాదు, ఆ పని శీనే చేయాలి.

ప్రదర్శన వాళ్ళిచ్చే తెల్ల ట్యూబులైటు కింద మా నగలు ఇత్తడి సామానులా కనిపిస్తాయి. అందుకే మా ఊరి నగల వాళ్ళందరూ సొంతంగా పసుపు ఎల్ఈడీ లైట్లు, వాటికో బ్యాటరీ పట్టుకెళ్తారు. స్విచ్చులేవీ ఉండవు. బ్యాటరీకి క్లిప్పులు తగిలిస్తే వెలుగుతాయి, పీకితే ఆరిపోతాయి. మా బ్యాటరీ పాడైపోతే మా ఆయన పాత సామాన్ల కొట్లో ఒక పెద్దది కొనుక్కొచ్చాడు. ట్రాక్టరుదని చెప్పారట. అంతకుమించి దాని చరిత్ర నాకు తెలీదు. తర్వాత జనం చాలా కథలు అల్లారు, అవి నేను రాయను.

గుడివాడ ప్రదర్శనలో మొదటి సాయంత్రం దానికి క్లిప్పులు తగిలించాం. సంజె వేళ లైటు వేయగానే చేతులు జోడించడం మా అందరికీ అలవాటు. స్టాల్లో బేరమాడుతున్నవాళ్ళు కూడా చేతిలో గాజులు పక్కనపెట్టి దండం పెట్టుకుంటారు. ఆ రోజు ఎవరూ పెట్టలేదు. నేనూ పెట్టలేదు. అది నాకు తర్వాతెప్పుడో తట్టింది. అప్పుడు మాత్రం నగల నిగనిగ చూసి మురిసిపోయాను.

కాసేపటికి ఓ తల్లీకూతుళ్ళు కాసులపేరు చూస్తున్నారు. కూతురు ఉన్నట్టుండి తల్లి జుట్టు పట్టుకుని తలను గాజుల స్టాండుకేసి కొట్టింది. అంతకుముందు వాళ్ళు మాటామాటా అనుకోలేదు. తల్లి తేరుకుని కూతురి చెయ్యి రక్తం వచ్చేలా కొరికింది. విడదీసి పంపితే, స్టాల్ దాటగానే ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఇంటి పోరు మా నెత్తిన రుద్దారనుకున్నాను.

మర్నాడు ఓ పెద్దాయన భార్య ఉంగరం పెట్టుకుని చూసుకుంటోంది. ఆయన ఆ వేలు పట్టుకుని వెనక్కి విరిచేశాడు. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను.

మా పక్క స్టాల్ పెడన కలంకారీ దుప్పట్లు అమ్మే కరీం గారిది. ఆ గొడవ సద్దుమణిగాక నా దగ్గరకొచ్చారు.

"అమ్మా, ఆ లైట్లు మార్చేయండి. ఆ వెలుగు ఇటు పడుతుంటే నాకే ఎవర్నైనా కొట్టాలనిపిస్తోంది."

"మాకు బేరాలు బాగా తగులుతున్నాయని కుళ్ళా కరీం గారూ?" అన్నాను.

ఆ మర్నాటి సాయంత్రం శీను వంగి జుంకాలు సర్దుతున్నాడు. మా ఆయన పక్కనే కూర్చుని పటకారుతో గొలుసు కొక్కెం బిగిస్తున్నాడు. ఆ పటకారుతోనే తమ్ముడి మొహం మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. అద్దాల పెట్టె పగిలి శీను అందులో పడ్డాడు. మెడ మీద మోకాలు పెట్టి, తమ్ముడి మొహాన్ని గాజు పెంకులకేసి రుద్దుతున్నాడు. ఒక్క మాట లేదు. మొహంలో కోపం కూడా లేదు. శీను "అన్నయ్యా, అన్నయ్యా" అంటూనే ఉన్నాడు. నేను మా ఆయన చొక్కా పట్టుకుని లాగితే మోచేత్తో పొడిచాడు. నా నోరంతా రక్తం. ఈ మనిషి ఈ పూట తమ్ముణ్ణి చంపేస్తాడని నాకు అర్థమైపోయింది.

"లైట్లు తియ్యమ్మా" అని కరీం గారు అరిచారు.

ఎర్ర క్లిప్పు పీకేశాను. ఆరలేదు. నల్లదీ పీకేశాను. రెండు క్లిప్పులూ నా చేతిలోనే ఉన్నాయి, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

కరీం గారు ఓ దుప్పటి లాగి లైట్ల మీద కప్పేశారు. గుడ్డ లోపల పసుపు రంగు కనిపిస్తూనే ఉంది గానీ, వెలుగు మా మీద పడటం ఆగింది. లేచిన పటకారు అలాగే ఆగిపోయింది. మా ఆయన దాన్ని కింద పడేసి, "శీనూ, ఏమైందిరా? ఎవరు కొట్టార్రా?" అని అడిగాడు.

ఎవరో ఇదంతా ఫోనులో తీశారు. వీడియో నా దగ్గరుంది. క్లిప్పులు నా చేతిలో, లైట్లు వెనకాల, రెండూ కనిపిస్తాయి. మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్‌కు చూపిస్తే, తీశాక ఓ క్షణం వెలగొచ్చు గానీ ఇంతసేపు కుదరదన్నాడు. ఆ తర్వాత మళ్ళీ ఆ మాట ఎత్తొద్దన్నాడు. గొడవైన మర్నాడు సామాన్ల కోసం వెళ్తే బ్యాటరీ అక్కడ లేదు. ఎవరు పట్టుకెళ్ళారో తెలీదు.

శీనుకు కుడి కన్ను పోయింది. ఆసుపత్రిలో, కాలు జారి అద్దాల మీద పడ్డానని తనే చెప్పాడు.

కొన్నాళ్ళకు ఉండబట్టలేక మా ఆయన్ని అడిగాను, ఎందుకలా చేశారని.

"తెలీదే. కొడుతుంటే మాత్రం హాయిగా ఉంది. వాడికి ఈ మాట ఎలా చెప్పను?" అన్నాడు.

శీను ఇప్పుడు మా వీధి చివర వేరే ఇంట్లో ఉంటున్నాడు. అన్న మీద కోపం లేదంటాడు, లేదని నాకూ తెలుసు. కానీ వెలుతురులో అన్న పక్కన కూర్చోలేడు, పగలైనా సరే. రాత్రి కరెంటు పోయినప్పుడు మాత్రం తడుముకుంటూ వచ్చి అరుగు మీద అన్న పక్కన కూర్చుంటాడు. ఇద్దరూ పాత కబుర్లు చెప్పుకుని నవ్వుకుంటారు. కరెంటు రాగానే లేచి వెళ్ళిపోతాడు.

ఆ బ్యాటరీలో ఏముందో, ఏమీ లేదో, నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఇంట్లో ఉన్న ఇన్వర్టరు మాత్రం తీయించేశాం. పొద్దు గూకితే మా ఆయన అరుగు మీదకొచ్చి కూర్చుని, వీధి లైటు వైపు చూస్తూ కరెంటు పోతుందేమోనని ఎదురుచూస్తుంటాడు.