తొక్క పచ్చడికి మూడు నీళ్ళు

నిన్న ఏలూరులో మా మనవరాలు, ఫోనులో ఎవరో చేసి చూపించిన వంట చూసి పంపరపనస తొక్కతో పచ్చడి చేస్తానంటూ వంటింట్లోకి దిగి, చేదు పోవడానికి ఉడికించిన నీళ్ళు సింకులోకి వంపేసరికి నాకు తెలియకుండానే అయ్యో అని అరిచాను. పిల్లకి కారణం చెప్పలేదు. మీకైతే చెప్పొచ్చు, మంచినీళ్ళ విలువ నా ఈడువాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు.

మా పుట్టిల్లు పెంటపాడు దగ్గర. వీధిలోనే కాలువ, పెరట్లో పంపరపనస చెట్టు. తొనలు మేం తినేశాక, బొటనవేలి మందాన ఉండే ఆ తెల్లటి తొక్కని మా అమ్మ పారెయ్యనిచ్చేది కాదు. పై పొర చెక్కేసి, ముక్కలు కోసి, మూడుసార్లు ఉడికించి, మూడుసార్లూ నీళ్ళు వంచి పిండేసి, చింతపండూ బెల్లం ఎండుమిరపకాయలూ వేసి నూరేది. అన్నంలో కలుపుకుంటే ఇంక కూర జోలికి పోబుద్ధయ్యేది కాదు.

పెళ్ళయి, బడిపంతులైన మావారితో కొల్లేటికోటలో కాపురం పెట్టాను. అక్కడ ఇంటి చుట్టూ కొల్లేరే గాని, ఆ నీళ్ళు స్నానాలకీ గిన్నెలకీ. కాచి తాగినా కడుపు పట్టుకుని కూర్చోవలసిందే. మంచినీళ్ళు అవతలి ఒడ్డు చెరువు నుంచి మూడు రోజులకొకసారి పడవ మీద వస్తే ఇంట్లో గంగాళం నిండేది. ఈ సంగతి నాకు తెలియక కాదు, కొత్తకోడలి గొప్ప, అంతే. మా నాన్న తెచ్చిచ్చిన పంపరపనసల తొక్కతో అత్తగారి చేత భేష్ అనిపించుకోవాలనుకున్నాను. కొల్లేటి నీళ్ళయితే నాచు వాసన వస్తుందని, పురిటికి వచ్చిన మా ఆడపడుచు దగ్గర అత్తగారు కూర్చున్న సమయం చూసి, మంచినీళ్ళే ముంచాను. రెండుసార్లు వంచేశాను. మూడోసారి చెంబు గంగాళం అడుగుకి తగిలి ఠంగుమంది. అప్పుడైనా బుద్ధి రావాలా? మధ్యాహ్నం పడవ వస్తుందిగా అని పోసేశాను.

పడవ రాలేదు. తూర్పుగాలి ముదిరి, కొల్లేట్లో పడవ దించే ధైర్యం ఎవరికీ లేదన్నారు. పనిమీద ఏలూరు వెళ్ళిన మావారు అవతలి ఒడ్డునే చిక్కుకుపోయారు. వానైనా పడితే చూరు కింద గిన్నెలు పెట్టుకుందుము, ఒక్క చినుకు లేదు. ఇరుగుపొరుగు కుండలూ ఆ రోజుకి అడుగంటే ఉంటాయి. మాకు మిగిలింది రెండు చెంబులు. మా ఆడపడుచు పదకొండు రోజుల బాలింత, కాచి చల్లార్చిన మంచినీళ్ళు తప్ప తాగకూడదు. ఆవిడ తాగకపోతే పసిదానికి పాలుండవు.

అత్తగారు గంగాళంలోకి వంగి చూశారు.

"నీళ్ళేవమ్మా?"

కాకి మూతి పెడితే పారబోశానన్న అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. "తొక్కలకి పోశానండీ అత్తయ్యగారూ," అన్నాను.

ఆవిడ పొయ్యి మీద గిన్నె మూత తీసి, "ఈ మూడో నీళ్ళు వంచకు, మనిద్దరికీ ఇవే. ఆ రెండు చెంబులూ అమ్మాయికి. అబ్బాయికి మాత్రం చెప్పకు, అరుస్తాడు," అన్నారు.

ఆ సాయంత్రం, మర్నాడు పొద్దుటా, ఇద్దరం గుమ్మంలో కూర్చుని పడవదారి చూస్తూ ఆ చేదు గుక్కగుక్కగా మింగాం. లోపల ఒక చెంబు అయిపోయింది, రెండోది సగమైంది. పసిది ఏడ్చినప్పుడల్లా పాలు చాలడం లేదేమోనని నా ప్రాణం కొట్టుకులాడేది. అత్తగారు తన గ్లాసు ఖాళీ చేసి, "తాగమ్మా, వేపకషాయం కన్నా నయమే," అనేవారు.

మధ్యాహ్నం దాటాక గాలి తగ్గి పడవ కనిపించింది. నేను ఏడ్చేశాను. నీళ్ళు పోస్తూ పడవతను, "ఇంతలా ఖాళీ అయిపోయిందేంటండీ?" అని అడిగితే, నా వంక చూడనైనా చూడకుండా, "బాలింత ఉన్న ఇల్లు కదయ్యా," అన్నారు అత్తగారు.

ఇప్పుడు కొల్లేటికోటకి రోడ్డు పడింది, నీళ్ళ టిన్నులు ఆటోలో గుమ్మంలోకే వస్తున్నాయి, ఒకరి పొరపాటుకి మరొకరి గొంతు ఎండే రోజులు పోయాయి. అందుకు సంతోషమే. కానీ నా తప్పులో సగం తాను తాగి, పోయేదాకా కన్నకొడుకుతో కూడా ఆ మాట అనని మనిషితో అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా, ఆ రోజు నన్ను కాపాడారండీ అని ఒక్కసారి నోరు తెరిచి చెప్పలేకపోయాను.