విమానం ఇంజనుకి గుప్పెడు మిరపకాయలు

యలమందయ్య చేతిలో పనితనం ఉంది, నోట్లో మాట లేదు. వినుకొండలో ఎవర్నడిగినా ఇదే చెబుతారు. నలభై ఏళ్లు ఊరూరా తిరిగి ఆయిల్ ఇంజన్లు బాగుచేశాడు గానీ, ఇదిగో ఇక్కడ చెడింది, మళ్లీ ఇలా చెయ్యకండి అని ఒక్క రైతుకి విడమరిచి చెప్పిన పాపాన పోలేదు. "నువ్వు తిప్పు, అది తిరిగిద్ది" అనేవాడు, అంతే. ఆ చెప్పకపోవడమే చివరికి కొంప ముంచింది.

యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసు మీద నడిచేవి. బస్సు వెనక నిలువెత్తు ఇనప పీపా, దాన్నిండా రాజుకునే బొగ్గులు. వాటినుంచి పుట్టే గ్యాసే ఇంజనుకి తిండి. అలాంటి బస్సు మీద క్లీనరుగా చేరాడు యలమందయ్య. డ్రైవరు ఇమ్మానియేలు బస్సు ఆపగానే పీపా మూత తీసి గుప్పెడు ఎండుమిరపకాయలు పడేసేవాడు. ఎందుకని అడిగితే ఒకసారి చెప్పాడు.

"బండి తిరిగేటప్పుడు గ్యాసంతా ఇంజనే పీల్చుకుంటదిరా. ఆపాకే అది బయటికొచ్చిద్ది. దానికి వాసన లేదు, దగ్గు రాదు. చలికని పీపా పక్కన పడుకున్నోడు మళ్లీ లెగవడు. మిరప ఘాటు ఉందనుకో, నీలాంటి ఎదవ ఎవడూ దాని చాయలకి రాడు."

యుద్ధం అయిపోయింది, పెట్రోలు వచ్చింది, పీపాలు తుప్పు సామాన్ల కిందకి పోయాయి. యలమందయ్య మనసులోంచి మాత్రం పోలేదు. ఏళ్ల తర్వాత బెజవాడ పాత ఇనప కొట్లో చిన్న విమానం ఇంజనొకటి కనపడితే లారీకెత్తి తెచ్చుకున్నాడు. నాలుగు సిలిండర్లూ గబ్బిలాల్లా తలకిందులుగా వేలాడే ఇంజను. దాన్ని బొగ్గు గ్యాసు మీద తిప్పాలని అతని పిచ్చి. ఇరవై ఏళ్లు అది షెడ్డులో పట్టా కిందే పడుంది. "ఏం మామా, ఇమానం ఎప్పుడు లెగిసిద్ది?" అని టీకొట్టు దగ్గర ఆటపట్టించని వాడు లేడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఆ ఇంజనూ, గుండ్లకమ్మ ఒడ్డున పల్లెలో చెల్లెలు వెంకటేశ్వరమ్మా, ఆమె ఒక్కగానొక్క కొడుకు అంకమ్మరావూ.

ఎనభై ఏడులో వానలు మొండికేశాయి. ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు పెద్దలు. ఉత్తర కార్తె చినుకు లేకుండా పోయింది, హస్త కూడా పోయింది, గంప ఎత్తుకుని ఎక్కడికి పోతారు? అంకమ్మరావు నాలుగెకరాల పత్తి, రెండెకరాల మిరప నాట్లు పట్టపగలే తలలు వాల్చేశాయి. కరెంటు రెండు గంటలు వస్తే గొప్ప, అదీ నీరసంగా వచ్చి మోటార్లు కాల్చేసేది. డీజిలు డబ్బాల్లో పొయ్యమని బంకువాళ్లు భీష్మించుకున్నారు. గుండ్లకమ్మ మడుగులో నీళ్లున్నాయి, చేలోకి ఎక్కించే దారే లేదు. వారం దాటితే చేను దక్కదు.

"ఇమానాన్ని దించుతా" అన్నాడు యలమందయ్య. అతను అంత గట్టిగా మాట్లాడడం చెల్లెలు వినడం అదే మొదలు.

మడుగు ఒడ్డున పాక వేశారు. పైన తాటాకు, చుట్టూ పత్తికట్టె తడికలు, నీళ్ల పంపుని తిప్పే బెల్టు తడవకుండా లోపలివైపు ఎరువుల సంచులు కుట్టి కప్పారు. యలమందయ్య కార్బురేటరు పీకేసి, దాని చోట రెండు మూతుల గొట్టం బిగించాడు. ఒక మూతిలోంచి గ్యాసు, ఇంకో మూతిలోంచి గాలి. ఇంజను ముందు గిర్రున తిరిగే చెక్క రెక్కని రంపంతో పొట్టిగా కోసి, ఇంజను కాగకుండా విసనకర్రగా వదిలేశాడు. పక్కనే పాత బస్సుల్లోలాంటి ఇనప పీపా నిలబెట్టి, దాన్లో సర్కారుతుమ్మ బొగ్గులు పోశాడు. మొదట మూడు రోజులు గ్యాసులోని జిగురు పట్టి వాల్వులు బిగుసుకుపోయాయి. విప్పడం, కిరసనాయిల్లో కడగడం, మళ్లీ బిగించడం. దారిలో తడి కొబ్బరిపీచు పొరలు పెట్టి గ్యాసుని వడకట్టాక, నాలుగో రోజు పొద్దున ఇంజను అందుకుంది. అబ్బ, ఏం మోత! గొట్టంలోంచి నీళ్లు దబదబా పడుతుంటే వెంకటేశ్వరమ్మ చీర తడుస్తున్నా లేవకుండా కాలవలోనే కూర్చుని ఏడ్చింది. చుట్టుపక్కల నాలుగూళ్లు తిరనాళ్లకొచ్చినట్టు వచ్చి చూసిపోయాయి.

"ఒరేయ్ అంకమ్మా, ఇంజను ఆపగానే గుప్పెడు ఎండుమిరపకాయలు వెయ్యాలి. మర్చిపోయావో, తోలు తీస్తా" అన్నాడు యలమందయ్య.

అంకమ్మరావు నవ్వాడు. "ఎందుకు మామా, దిష్టికా? నిజమేలే, ఊరి కళ్లన్నీ దీనిమీదే ఉన్నాయి."

అప్పుడన్నా నోరు తెరవొచ్చుగా పెద్దమనిషి! తెరవలేదు. ఆ గ్యాసు మనిషిని చంపుతుందని చెబితే చెల్లెలు కొడుకుని ఆ పాకలో అడుగు పెట్టనివ్వదు. ఇరవై ఏళ్ల ఇంజను మళ్లీ పట్టా కిందకి పోతుంది. తనే దగ్గరుండి వేస్తే సరిపోతుందిలే అనుకున్నాడు.

"ఆఁ, దిష్టికే అనుకో" అన్నాడు.

నాలుగు రోజులు అందర్నీ అవతలికి తోలి తనే పీపాలో వేశాడు, తనే తడిక మూశాడు. పత్తి తలెత్తింది. అయిదోరోజు ఒక వాల్వు స్ప్రింగు నీరసించిందని, కొత్తది తేవడానికి వినుకొండ బస్సెక్కాడు. ఎక్కేటప్పుడు కూడా చెప్పాడు, "మిరపకాయలు మర్చిపోకు" అని. ఎందుకో మాత్రం చెప్పలేదు.

మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడింది. మూడు నెలలు మొహం చాటేసిన వాన కుండపోతగా దిగింది. అంకమ్మరావు ఇంజను ఆపి, "అమ్మా, మామ దిష్టి తియ్యమన్నాడు, ఆ పని నువ్వు చూడు" అని కేకేసి చేలోకి పరుగెత్తాడు. దిష్టి తియ్యడం ఆడవాళ్ల పనేగా మరి! వెంకటేశ్వరమ్మ గుప్పెడు మిరపకాయలు తెచ్చి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఊళ్లోవాళ్ల దిష్టి" అంటూ ఇంజను చుట్టూ మూడుసార్లు తిప్పి, కొంగులో కట్టుకుని ఇంటికి పోయి పొయ్యిలో వేసింది.

అంకమ్మరావు చిన్నపిల్లాడిలా చేనంతా గెంతాడు. తడిసి ముద్దయ్యాక వణుకు పుట్టింది. పాకలోకొచ్చి, జల్లు పడకుండా తడిక బిగించి, వెచ్చగా ఉందని పీపా పక్కన చేరగిలబడ్డాడు. పుట్టింది మొదలు మిరప చేలో తిరిగిన మనిషి. చెడ్డగాలి అంటే ఘాటుండాలి, పురుగుమందంటే కంపుండాలి. అక్కడ ఏ ఘాటూ లేదు, ఏ కంపూ లేదు.

యలమందయ్య వానలో బస్సు దిగి, స్ప్రింగు జేబులో వేసుకుని, అరవై ఏళ్ల వయసులో ఈలేసుకుంటూ నడిచొచ్చాడు. పాక ముందు ఆగి, ఘాటుకి దగ్గొస్తుందని ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని తడిక తీశాడు. దగ్గు రాలేదు. తువ్వాలు తీసి గాలి పీల్చాడు. మిరప వాసన రవ్వంత కూడా లేదు. పీపా పక్కన పడున్న మేనల్లుడి మొహం ఇంకా చూడకముందే లోపలికి దూకాడు. బయటికి ఈడ్చాడు, వానలో పడుకోబెట్టాడు, గుండెల మీద గుద్దాడు. "అంకమ్మా, ఒరేయ్ అంకమ్మా" అని అరిచిన అరుపు మడుగు అవతల గొర్లకాపర్లకి కూడా వినపడిందట. అంకమ్మరావు లేవలేదు.

పిడుగు చప్పుడికి గుండె ఆగిందన్నారు ఊళ్లోవాళ్లు. వాన మూడు రోజులు కురిసింది. పత్తి ఏపుగా లేచింది. ఆ వాన ఒక్కరోజు ముందొచ్చి ఉంటే యలమందయ్య ఊళ్లోనే ఉండేవాడు. ఒక వారం ముందొచ్చి ఉంటే ఆ ఇంజనే అక్కర్లేకపోయేది.

పన్నెండో రోజు వెంకటేశ్వరమ్మ అన్న పక్కన వచ్చి కూర్చుంది. పురిటికని పుట్టింటికి వెళ్లిన కోడలు కబురంది తిరిగొచ్చి, నిండు కడుపుతో గోడకి ఆనుకుని ఉంది.

"అన్నయ్యా, నువ్వు చెప్పినట్టే దిష్టి తీశాను. ఇంజను చుట్టూ మూడుసార్లు తిప్పి, ఇంటికి తీసుకెళ్లి పొయ్యిలో వేశాను. ఘాటే రాలేదు. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టేగా? ఎంత దిష్టి తగిలిందో నా బిడ్డకి! ఇంటి పొయ్యిలో వెయ్యకూడదా? నేనేమన్నా తప్పు చేశానా?"

పన్నెండు రోజులుగా వాడు మిరపకాయలు మర్చిపోయాడనే అనుకుంటున్నాడు యలమందయ్య. ఇప్పుడు అర్థమైంది. చెప్పాల్సిన మాట జన్మలో మొదటిసారి గొంతుదాకా వచ్చింది. తప్పు తనదేనని కాళ్లమీద పడి చెప్పేస్తే అతని గుండె బరువు దిగుతుంది. కానీ ఆ మిరపకాయలు పీపాలో పడాల్సినవని తెలిసిన మరుక్షణం, వాటిని కొంగులో కట్టుకుపోయింది తన చేతులేనని ఆమెకి తెలుస్తుంది. ఆ చేతులతోనే ఆమె కొంగు ముడి వేస్తూ విప్పుతూ ఉంది.

"లేదమ్మా. సరిగ్గానే తీశావు. దిష్టికే చెప్పాను."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మన తాహతుకి మించిన దిష్టి అన్నయ్యా అది. ఇంకో ఊళ్లో ఆ ఇంజను పెడితే, దిష్టి గట్టిగా తియ్యమని చెప్పు. మర్చిపోకుండా చెప్పు."

"చెబుతానమ్మా" అన్నాడు యలమందయ్య.