‘పోయింది’ అన్న ఒక్క మాట

2023 వేసవిలో హిందూపురంలోని ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌కు నెట్‌వర్క్ పనులు చూసేవాణ్ణి. పెనుకొండ, ధర్మవరం శాఖల రిపోర్టులు కూడా అక్కడి మెయిల్ సర్వర్ నుంచే బెంగళూరు ఆసుపత్రులకు వెళ్లేవి.

మాకు ఇంటర్నెట్ లైను ఇచ్చినవాళ్లు స్థిరమైన అడ్రసు, అంటే నెట్‌లో మా సర్వర్‌ను గుర్తించే నంబరు, ఇవ్వలేదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మా అడ్రసుల ముందు భాగం, అంటే ప్రిఫిక్స్, మారిపోయేది. పేరు చెబితే నంబరు చూపేది డీఎన్ఎస్. నంబరు చెబితే పేరు చూపేది రివర్స్ డీఎన్ఎస్. ఈ రెండోది మన పేరుతో సరిపోలకపోతే అవతలి సర్వర్లు మన మెయిల్‌ను గడప తొక్కనివ్వవు. ప్రిఫిక్స్ మారగానే రెండింటినీ తనంతట తానే దిద్దే చిన్న ప్రోగ్రామ్, అంటే స్క్రిప్ట్, రాసి తెగ మురిసిపోయాను. అయితే ప్రిఫిక్స్ పూర్తిగా మారితే రివర్స్ రికార్డులు వేరే పట్టికలోకి, అంటే వేరే జోన్‌లోకి, పోవాలి. నేను పాత జోన్ పేరునే స్క్రిప్ట్‌లో రాసిపెట్టాను. పరీక్షించినప్పుడు ప్రిఫిక్స్‌లో చివరి అంకెలే మారాయి కాబట్టి తప్పు బయటపడలేదు.

చెన్నేకొత్తపల్లి దగ్గర గొర్రెలు మేపుకునే నాగప్పకు తొడలో గడ్డ వచ్చింది. బయాప్సీ రిపోర్టు గురువారంలోగా అందితే, కాలు నిలపాలా తీసేయాలా అని బెంగళూరు డాక్టర్లు తేలుస్తామన్నారు. బుధవారం నేను పెనుకొండ శాఖలో ఉండగా ఆయన భార్య లక్ష్మక్క వచ్చింది.

“రిపోర్టు బెంగుళూరికి పోయిందాప్పా?”

కంప్యూటర్‌లో ఆ పేరు పక్కన ‘సెంట్’ అని పచ్చగా ఉంది. “పోయిందక్కా, దిగులు పడాకు” అన్నాను.

వెళ్లినా పోయిందనే అంటాం, దారితప్పినా పోయిందనే అంటాం. ఆమె అడిగింది చేరిందా అని. నేను చెప్పింది బయల్దేరిందని. ఆ వారం కరెంటు పోయి ప్రిఫిక్స్ పూర్తిగా మారడంతో, అప్పటికే అవతలి సర్వర్ దాన్ని తిప్పికొట్టింది. తిరిగొచ్చిన మెయిళ్లు పడే ఇన్‌బాక్స్ నాదే. దాన్ని తెరిచి చాలా రోజులైంది.

ఎనిమిది రోజుల తర్వాత ఆసుపత్రివాళ్లు ఫోన్ చేసి రిపోర్టేదని అడిగితే అప్పుడు తెరిచాను. నాగప్ప రిపోర్టు అందులోనే పడి ఉంది. ప్రింటు తీసుకుని నేనే బస్సెక్కి వెళ్లి ఇచ్చాను. నాగప్ప కాలు తీసేశారు. ముందే అందుంటే కాలు దక్కేదా అని సర్జన్‌ను అడిగాను. “చెప్పలేం” అన్నారాయన. దక్కేది కాదు అని ఉంటే ఎంత బాగుండేదో!

తర్వాత వాళ్లింటికి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను. లక్ష్మక్క ముఖం తిప్పుకుంది. నాగప్ప మంచం మీంచే అడిగాడు.

“ఏమప్పా, పొద్దున తోలిన మంద సాయంత్రం దొడ్లోకి అంతా వచ్చిందో లేదో చూసుకోకుండా మేము పండుకోము. మీ పనిలో అట్లా చూసుకునేది ఉండదా?”

“ఉంటాదన్నా. నేనే చూసుకోలేదు.”

ఇప్పుడు ప్రిఫిక్స్ మారిన ప్రతిసారీ మా నంబరుకు మా పేరే వస్తోందా అని బయటి కంప్యూటర్ నుంచి చూస్తాను. తర్వాత బెంగళూరుకు ఫోన్ చేసి ఒక రిపోర్టయినా చేరిందో లేదో అడుగుతాను. దీనంతటికీ రెండు నిమిషాలు పడుతుంది. ఆ బుధవారం నాకు ఆ రెండు నిమిషాలు ఉన్నాయి.