వంతెన ఇవతల

మార్టూరులో గ్రానైట్ రాళ్లకు పాలిష్ పట్టే మాల్యాద్రి ఆదివారం నాలుగింటికల్లా తలస్నానం చేసి సుభానీ వీడియో గేముల కొట్టుకు వస్తాడు. ఎంత రుద్దుకున్నా చెవుల వెనక రాతిపొడి తెల్లగా మిగిలే ఉంటుంది. ఆడేది ఎప్పుడూ ఒకే కత్తివీరుడి ఆట. నాలుగు భాగాలొచ్చాయి. నాలుగింటిలోనూ హీరో వంతెన దాటగానే వెనక ఊరు తగలబడుతుంది, తల్లి చనిపోతుంది, ఆ పగతో వాడు లోకం మీద పడతాడు. మారేదల్లా తల్లి గౌను రంగు. మాల్యాద్రి వంతెన దాటడు. డబ్బు కట్టిన గంటసేపూ హీరోను ఊళ్లోనే తిప్పుతాడు. నీళ్లు తోడిస్తాడు, కోళ్లను గూట్లోకి తోలిస్తాడు, తల్లి పిలిస్తే అన్నానికి కూర్చోబెడతాడు. పక్కవాళ్లు నవ్వినా రిమోట్ మీటల మీద అతని బొటనవేలు తొందరపడదు.

మొన్న ఆదివారం సుభానీ కొత్త డిస్కు చూపించాడు. "ఐదో పార్టు తెప్పించా. ఇది ఆడరా."

"ఇందులోనైనా ఊరు మిగులుద్దా భాయ్?"

"ఊరు మిగిలితే వాడు హీరో ఎట్టా అవుతాడ్రా?"

మాల్యాద్రి అట్ట మీద మంటల ముందు నిలబడ్డ హీరోను కాసేపు చూశాడు. "పాతదే పెట్టు భాయ్," అన్నాడు.

గంట అయిపోయి సుభానీ టీవీ కట్టేసేసరికి హీరో తల్లి పక్కన కూర్చుని ఇంకా అన్నం తింటూనే ఉన్నాడు.