పాతరలో చల్లదనం

ఆళ్లగడ్డ ఎండ గురించి చెప్పబోతే, మా ఊళ్లోనూ ఎండే కదా అంటారు బయటివాళ్లు. అలా అనేవాళ్లను బేతంచెర్ల బండలు కప్పిన ఇంట్లో మే నెలలో ఒక్క మధ్యాహ్నం కూర్చోబెట్టాలి. ఆ తర్వాత మాట్లాడమనాలి.

అలాంటి ఇంటికి డెబ్భై ఆరులో నంద్యాల నుంచి కోడలిగా వచ్చింది సలోమి. బట్టల పెట్టెతోపాటు పుట్టింటి కోళ్లనూ గంపలో పెట్టుకుని బస్సెక్కింది. గంపను టాపు మీద వేయమని కండక్టరు ఎంత అరిచినా వినలేదు. ఎండకు చస్తాయని ఒళ్లోనే పెట్టుకుని దారి పొడవునా కొంగుతో విసురుతూ వచ్చింది. మొండిదంటే మొండిదే.

అత్త జీవరత్నం గంపలోకి తొంగి చూసి, "తెచ్చినావు సరే. ఈడి ఎండకు ఇవి నిలుస్తాయా?" అంది.

మొగుడు సామ్యేలుకు బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టే పని. శనివారం వచ్చి, ఆదివారం ప్రార్థన చూసుకుని, సోమవారం తొలి బస్సుకు పోయేవాడు. పెళ్లాం మీద ప్రేమకొద్దీ పెరట్లో బండలతోనే కోళ్లగూడు కట్టిపెట్టాడు. చూడముచ్చటైన గూడు. కుక్క దూరదు, పిల్లి దూరదు, గాలి అసలే దూరదు. మరుసటి వేసవిలో మూడు పెట్టలు అందులోనే వేగి చచ్చాయి. ఆ ఇంట్లో తనదని చెప్పుకోవడానికి సలోమికి ఉన్నవి ఆ కోళ్లే. రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఎండ సంగతి అలా ఉంచితే, ఆమెను అంతకన్నా ఎక్కువగా వేయించింది అత్త పిలుపు. పెరట్లోకి పోయి కాసేపు అలికిడి లేకపోతే చాలు, "ఓ సలోమీ!" అని కేక వచ్చేది.

"ఏందత్తా?"

"ఏం లేదు. పలుకుతావో లేదో అని."

పొద్దున లేచింది మొదలు ఇదే వరస. కోడలు ఏం దాస్తుందో, ఏం తింటుందో అని ముసలిది కాపలా కాస్తోందని సలోమి అనుకునేది. పళ్లు కొరుక్కుంటూ పలికేది.

డెబ్భై ఎనిమిది వేసవి మరీ అన్యాయం. బావిలో నీళ్లు అడుగంటాయి. పొడల పెట్ట అప్పుడే గుడ్లు పొదిగి పిల్లల్ని దించింది. సలోమి చేయగలిగినదంతా చేసింది. పెంకుల్లో నీళ్లు పెట్టింది. ఉల్లిగడ్డలు తరిగి వేసింది, మజ్జిగ కలిపి పోసింది. గోనెసంచులు తడిపి గూటి మీద కప్పితే అవి చూస్తుండగానే ఆరిపోయాయి. మళ్లీ తడపడానికి కడవ వంచబోతే జీవరత్నం చెయ్యి పట్టుకుంది.

"మనుషులకే గతి లేదు, కోళ్లకు స్నానాలా?"

ఆ మధ్యాహ్నం అత్త పక్కింటి లింగమ్మకు జ్వరమని చూడ్డానికి పోయింది. పెట్ట ముక్కు తెరిచి రొప్పుతోంది. రెక్కలు వేలాడేసింది. దాని కింద పిల్లలు తలలు వాల్చేస్తున్నాయి. సాయంత్రం దాకా ఇవి ఆగవని సలోమికి తెలిసిపోయింది. దిక్కులు చూస్తుంటే వాకిట్లోని పాతర గుర్తుకొచ్చింది.

పాతరంటే జొన్నలు దాచే గొయ్యి. నేలలో బావిలా తవ్వి, జొన్నలు నింపి, నోటికి బండ మూసి మన్ను మెత్తుతారు. ఎండాకాలంలోనూ లోపల చల్లగా ఉంటుంది. మామ సంజీవయ్య అందులో దిగే చచ్చిపోయాడని సలోమికి తెలుసు. ఊరందరికీ తెలుసు. నెలల తరబడి మూసిన పాతర తెరిస్తే లోపల చెడ్డగాలి ఉంటుంది. కొంతసేపు వదిలేసి, లాంతరు దించి, దీపం నిలిస్తేనే మనిషి దిగాలి. ఆయన కరువు ఏట తొందరపడి దిగాడు. అయితే అప్పుడు పాతరలో జొన్నలున్నాయి. ఈసారి అది ఉగాదికే ఖాళీ అయింది. జొన్నలే లేనప్పుడు చెడ్డగాలి ఎక్కడిదనుకుంది సలోమి.

బలమంతా పెట్టి బండ జరిపింది. లోపలి నుంచి చల్లదనం ముఖానికి తగిలింది. దాంతోపాటు పులిసిన గంజి లాంటి వాసన. చల్లదనం దొరికిన మనిషికి వాసన ఎక్కడ పడుతుంది? పెట్టనూ, పిల్లల్నీ, ఉన్న కోళ్లన్నిటినీ గంపలో వేసి, పైన గుడ్డ కట్టి, చేదతాడుతో మెల్లగా దించింది. పుంజు మాత్రం చేతికి చిక్కక గోడెక్కింది. గంప దిగుతుంటే కోళ్లు గోల చేశాయి. అడుగు తాకాక ఇంకాస్త అరిచాయి. తర్వాత నిదానించాయి.

"చల్లబడ్డాయి నా తల్లులు" అనుకుంది సలోమి. ప్రాణం లేచొచ్చింది.

నీళ్లు కూడా పెట్టి వద్దామని చెంబు నింపుకొచ్చింది. పాతర గోడకు కాళ్లు పెట్టడానికి గుంతలున్నాయి. నోటి అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేసింది. వంగి గుంత కోసం చూస్తే తల కొంచెం తిరిగింది. ఎండకేలే అనుకుంది. అప్పుడే పక్కింటి నుంచి కేక.

"ఓ సలోమీ!"

పలికితే తెలిసిపోతుంది. తెలిస్తే గంప పైకి తీయిస్తుంది. సలోమి నోరు మూసుకుంది. కాలు గుంతలో పెట్టింది.

"సలోమీ! పలకవేందే! యాడుండావే!"

ఈసారి గొంతు మారింది. అది కోపం కాదు. చెప్పుల్లేకుండా ఎవరో పరుగెత్తుతున్న చప్పుడు. సలోమి తల తిప్పేలోగా జడ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది జీవరత్నం. ఇద్దరూ మట్టిలో పడ్డారు. చెంబు పాతరలోకి దొర్లి, అడుగున ఖణేల్మంది.

"ఏం జేస్తాండావే ఆడ?"

"కోళ్లు దించినా అత్తా. ఎండకు రొప్పుతాండాయని. ఇప్పుడు చల్లగా పండుకున్నాయి."

"చెంబు పడినా ఒక్క కోడి అరిచిందా? పిల్లల కోడి అట్ల గమ్మునుంటాదా?"

అత్త లాంతరు వెలిగించి, తాడుకట్టి దించింది. అది సగం దాకా కూడా పోలేదు. మంట కుంచించుకుపోయి టక్కున ఆరిపోయింది. ఏప్రిల్‌లో కురిసిన గాలివాన నీళ్లు దిగి, అడుగున మిగిలిన జొన్నలు కుళ్లాయి. ఖాళీ అనుకున్న పాతర కంఠం దాకా చెడ్డగాలితో నిండి ఉంది.

గంప పైకి లాగారు. గుడ్డ విప్పారు. పెట్ట రెక్కలు చాపి పిల్లల్ని కప్పుకునే ఉంది. ఒక్కటీ మిగల్లేదు. సలోమి గుండె బాదుకుంది. అత్త తిడుతుందని చూసింది. జీవరత్నం తిట్టలేదు. పెట్టను ఒళ్లోకి తీసుకుని ఈకలు నిమురుతూ చెప్పింది.

"ఆ పొద్దు నేనూ ఈడ్నే కూచోనుంటి. మీ మామ దిగినాడు. 'రత్నం, చల్లగుందే లోపల' అన్న్యాడు. మళ్ల పలకలా. ఎండనబడి వచ్చిన మనిషి, రవ్వంతసేపు చల్లగా కూచోనీలే అనుకుంటి." ముక్కు చీదింది. "నేను పిలవలా."

ఆ ఆదివారం సామ్యేలు నల్లమట్టి తోలి పాతర పూడ్చేశాడు. బండల గూడు పీకేసి, ఆ చోట కందికట్టెతో పందిరి వేశాడు. కింద ఇసుక పోశారు. జీవరత్నం తన స్నానం నీళ్లలో సగం మిగిల్చి రోజూ ఆ ఇసుక తడిపేది. మిగిలిన పుంజుకు జతగా నంద్యాల నుంచి మళ్లీ పెట్టలొచ్చాయి.

"ఓ సలోమీ!" అన్న కేక మాత్రం ఆగలేదు. సలోమి ఇక పళ్లు కొరకలేదు. పిలుపు పూర్తి కాకముందే, "ఈడుండా అత్తా!" అని పలికేది.

ఎనభై ఆరులో జీవరత్నానికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. వేసవి అంతా మంచంలోనే ఉంది. సలోమి పందిరి కింద ఇసుక తడుపుతూ, కోళ్లకు నీళ్లు పోస్తూ, ఎవరూ పిలవకపోయినా మాటిమాటికీ ఇంటివైపు తిరిగి కేక పెట్టేది.

"ఈడుండా అత్తా!"