మౌలాలి చెరిపేసిన డ్రైవరు

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో నగలకు కట్టే చీటీలను అచ్చువేసే మిషన్లను మౌలాలి బాగుచేసేవాడు. ఆ మిషన్లు కంప్యూటరు మాట వినాలంటే డ్రైవరు అనే ప్రోగ్రాము ఉండాలి. అది అమ్మేది అధికారపార్టీ నాయకుడి బామ్మర్ది ఓబులేసు ఒక్కడే. కంప్యూటరు మార్చినప్పుడల్లా మళ్లీ కొనాల్సిందే. కాదన్న అంగడి ముందు జీపులు ఆగేవి.

మౌలాలి మిషనుకు కేబుల్లో ఏమేం పోతున్నాయో నెలల తరబడి గమనించి సొంతంగా డ్రైవరు రాశాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోమని ఇంటర్నెట్‌లో పెట్టాడు. లినక్సు అనే ఉచిత కంప్యూటరు వ్యవస్థను తయారుచేసే విదేశాల్లోని వాళ్లు దాన్ని తమ దాంట్లో కలుపుకున్నారు. ఆ రోజు తెరమీద తన పేరు భార్య హజరాబీకి చూపించి మురిసిపోయాడు.

తాను అమ్మే మిషన్ల కంపెనీ ప్రోగ్రామును దొంగిలించాడని ఓబులేసు కేసు పెట్టించాడు.

"వాళ్ల ప్రోగ్రాము నేను తెరిచి సూల్లేదు సార్," అని మౌలాలి స్టేషన్లో మొత్తుకున్నాడు.

"గమనించి రాసుకుంటే తప్పుగాదప్పా," అన్నాడు ప్లీడరు. "అట్లే రాసినావని చెప్పే మనిషి కావల్ల."

ఆ మాట చెప్పగలవాడు మౌలాలి పక్కనే కూర్చుని పనిచేసిన జమ్మలమడుగు ఆనందయ్య. చెబుతానన్నాడు కూడా. వాయిదాకు ముందు ఓబులేసు మనుషులు అతని చెల్లెలు రత్నమణి పనిచేసే బడికి పోయారు. పిల్లలు చూస్తుండగానే ఆమె కుర్చీ కింద నాటుబాంబు పెట్టారు. కాసేపు ఆమెను కదలనివ్వక, దాన్ని తీసుకుని నవ్వుతూ వెళ్లిపోయారు.

కోర్టులో ఆనందయ్య తలెత్తలేదు. "కంపెనీ ఫైలు నేనే తెచ్చిచ్చినా సార్. అది సూసే రాసినాడు."

ఓబులేసు ఆ సాక్ష్యాన్ని ఇంగ్లీషులో లినక్సు వాళ్లకు పంపించాడు. దొంగసరుకు కలిసిందంటే మొత్తం పనికే కోర్టు చిక్కులొస్తాయని భయపడి, వాళ్లు మౌలాలి రాసిందంతా పేరుతో సహా తీసేశారు. అతను ఎంత వేడుకున్నా, "మీరు చెప్పేది నిజమే కావచ్చు, మేం మాత్రం ఆ ప్రమాదం నెత్తికెత్తుకోలేం" అన్నారు.

కేసు వదిలేసి రాజీ పడడానికి ఓబులేసు షరతు ఒకటే. మౌలాలే అంగడంగడికీ తిరిగి తన డ్రైవరును చెరిపేయాలి. వెంట ఒక మనిషిని పంపాడు. చివరి అంగడిలో మౌలాలి చెయ్యి ఆగిపోయింది.

"ఏంది మామా, బిడ్డను సంపుతాండట్ల సూస్తాండావు? నొక్కు," అన్నాడు ఆ మనిషి.

నొక్కాడు.

మరుసటి ఎన్నికల్లో అధికారపార్టీ ఓడింది. మౌలాలికి ప్రాణం లేచొచ్చింది. నెల తిరక్కుండానే ఓబులేసు గెలిచిన పార్టీ కండువాతో మౌలాలి ఇంటి ముందు జీపు దిగాడు.

"మా ఇంట్లో మిషను చెడిపోయిందిరా. వచ్చి సూడు."

మౌలాలి పనిముట్ల సంచి తీసుకుని జీపు వెనక ఎక్కాడు.