నేను బుక్ చేసిన నాలుగు సీట్ల టాయిలెట్

జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఏ తెలుగింటికి వెళ్ళినా ఇప్పటికీ నన్ను చూడగానే ముసిముసిగా నవ్వుతారు. ఆ కీర్తి ఎలా సంపాదించానో చెబుతాను. మీరూ నవ్వుకోండి, నాకు పిల్లనిచ్చేవాళ్ళకు మాత్రం చెప్పకండి.

కరోనా రెండో ఏడాది. లోపల గుంపులు వద్దన్నారని, బతుకమ్మ పార్కులో ఆడదామంది పద్మక్క. ఇక్కడి తెలుగు ఆడవాళ్ళకు ఆమె మాటే చట్టం. మాస్టర్స్ వెలగబెడుతున్న నాకు టాయిలెట్ల పని అప్పజెప్పింది.

"ఆడ నీళ్ళ కనెక్షన్ లేదు తమ్మీ, జర చూసుకో."

ఆన్‌లైన్‌లో వెతికితే దొరికింది: నీళ్ళు అక్కర్లేదు, ఒకేసారి నలుగురికి, పర్యావరణానికి మేలు. ఫోటో చూడలేదు. జర్మన్ చదవగలిగినవాడికి ఫోటోలెందుకండీ? వెంటనే గ్రూపులో మెసేజ్ పెట్టాను: "అక్కలూ, హాయిగా నీళ్ళు తాగి రండి. ఏర్పాట్లు సూపర్!"

పట్టుచీరల్లో, మాస్కుల్లో ఆడవాళ్ళూ, వెంట వాళ్ళ మగాళ్ళూ వచ్చేశారు. లారీ కూడా వచ్చింది. దించిన వస్తువు చుట్టూ తిరిగి చూశాను. తలుపు లేదు, కప్పు లేదు. నిలువెత్తు ప్లాస్టిక్ దిమ్మె, నాలుగు వైపులా నాలుగు గూళ్ళు. నలుగురు మగాళ్ళు నిలబడి పని కానిచ్చుకునే సరంజామా!

"తలుపేది తమ్మీ?"

"ఓపెన్ మోడల్ అక్కా..."

"కూసునుడెట్ల?"

"నీళ్ళు మాత్రం చుక్క ఖర్చు కాదక్కా!"

ఆడవాళ్ళకు ఇలాంటివి లేవా అని డ్రైవర్‌ను అడిగాను. "ఉన్నాయి. ఎవరూ అడగరు," అన్నాడు.

"ఆర్డర్ జేసేది నీలాంటోడైతే ఎవరడుగుతరు?" అంది పద్మక్క. "బయటికొస్తే నీళ్ళు తాగకపోవుడు మాకలవాటే. ఇయ్యాల నీ మాట నమ్మి తాగినం!"

పార్కు పక్కన చిన్న చిన్న తోటలున్నాయి. ఒక తోటలో మొక్కలకు నీళ్ళు పోస్తున్న ముసలావిడ దగ్గరకు పరుగెత్తి, వచ్చీరాని జర్మన్‌లో మొర పెట్టుకున్నాను. ఆవిడ వచ్చి ఆ దిమ్మెను చూసింది, నన్ను చూసింది. మాస్కు జారేదాకా నవ్వి, తన తోట గుడిసె తలుపు తెరిచింది.

లోపల పొట్టు టాయిలెట్. వాడాక గుప్పెడు రంపపు పొట్టు చల్లితే చాలు. దీనికీ నీళ్ళక్కర్లేదు, కానీ కూర్చోవచ్చు, గడియ పెట్టుకోవచ్చు!

సగంమంది బతుకమ్మ చుట్టూ, సగంమంది తోట ముందు వరసలో. పాట మాత్రం ఆగలేదు. నేను గేటు దగ్గర శానిటైజర్ పోస్తూ నిలబడ్డాను. చివరికి ముసలావిడ కూడా వచ్చి చప్పట్లు కలిపింది.

సాయంత్రం డ్రైవర్ దిమ్మెను వంచి చూసి తెల్లబోయాడు. "ఇది ఎవరూ వాడలేదే!"

అంతమంది ఆడవాళ్ళ ఎదుట ఏ మగాడికి ధైర్యం చాలుతుంది? మగాళ్ళూ ముసలావిడ గుడిసెకే వెళ్ళారు.

ఆనాడే గౌరమ్మ సాక్షిగా ఒట్టేసుకున్నాను: కూర్చునేవాళ్ళను అడగకుండా, ఈ జన్మలో నిలబడేవాళ్ళ సామాను బుక్ చేయను.